బార్లీలో దించిన ఇల్లు

ఈనిడ్ లార్టర్ ఇల్లు కూలుస్తున్నంతసేపూ ఆమెను రోడ్డు అవతల కుర్చీలో కూర్చోబెట్టారు. కుర్చీ ఆమె వంటింటిదే. కౌన్సిల్ మనిషి దాన్ని బయటికి మోసుకొచ్చి, ఆమె ఒళ్లో దుప్పటి కప్పి, "చలేస్తే చెప్పండి మేడమ్" అన్నాడు. జేసీబీ తొండం లేచి కప్పు మీద పడింది. పాత చెక్క ఇల్లు, పెద్ద చప్పుడేమీ రాలేదు. పడగ్గది గోడ ఒరిగి, లోపలి గులాబీల కాగితం వీధిలో అందరికీ కనిపించింది. తన లోపలి బట్టలు ఎవరో బజారులో ఆరేసినట్టు ఈనిడ్ చప్పున తల దించుకుంది.

ఏవిస్ క్రాస్క్ పీతలు ఒలిచే షెడ్డు నుంచి ఏప్రన్‌తోనే వచ్చి నిలబడింది. థర్న్‌బీలో పనిలో ఉన్నవాళ్లంతా అలాగే వచ్చారు. ఊరికి చివర, ఒకే వరుసలో వాళ్ల చెక్క ఇళ్లు. ఇళ్లకు ముందు మట్టి గట్టు, గట్టు కింద దాన్ని ఏటా కోసుకుపోతున్న సముద్రం. ఇళ్ల వెనక రోడ్డు, రోడ్డు దాటితే డేకర్ దొర బార్లీ పొలం. ఉత్తరాన గ్యాస్ కేంద్రం ముందు ఒక పెద్ద బల్లకట్టు నిలబడి, నల్లరాళ్లు ఒక్కొక్కటే సముద్రంలోకి దించుతోంది. ఒకే పొద్దు, ఒకే సముద్రం. అక్కడ రాళ్లు, ఇక్కడ దుప్పటి.

"చూశావా?" అన్నాడు రాడ్నీ గాట్స్. ఏవిస్ పక్కింటి ప్లంబరు, గొంతు తగ్గించడం తెలియనివాడు. "గ్యాస్ గొట్టానికున్న విలువ ముసల్దానికి లేదు."

"మెల్లగా ఏడువు. ఆవిడకి వినిపిస్తుంది."

"వినిపించాలనే."

ఏవిస్ తన లోపల కోపం కోసం వెతుక్కుంది. దొరకలేదు. చేతికి తగిలింది అసూయ. ఈనిడ్‌కి అయిపోయింది. ఇక రాత్రిళ్లు గాలి దిక్కు మారినప్పుడల్లా లేచి కూర్చోనక్కర్లేదు. ఆ ఆలోచన వచ్చినందుకు తన మీద తనకే భయం వేసింది ఏవిస్‌కి. ఇప్పుడు గట్టుకు అందరికన్నా దగ్గరున్న ఇల్లు ఆమెదే.

ఈ అలసట నిన్నటిది కాదు. కొన్నేళ్ల క్రితం చర్చి హాల్లో ఒక పటం పెట్టారు. తీరం ముందుముందు ఎలా మారుతుందో చెప్పే పటం. దాని మీద మూడు గీతలు: ఇరవై ఏళ్లకు ఒడ్డు ఎక్కడుంటుంది, యాభై ఏళ్లకు ఎక్కడ, నూరేళ్లకు ఎక్కడ అని. ఏ ఒడ్డును కాపాడాలో, ఏ ఒడ్డును వదిలేయాలో ఆ గీతలను బట్టి రాశారు. గ్యాస్ కేంద్రం కాపాడాల్సింది. థర్న్‌బీ వదిలేయాల్సింది. ఏవిస్ ఇల్లు మొదటి గీతకూ రెండో గీతకూ మధ్య పడింది. ఆ రోజునుంచి బ్యాంకు అప్పివ్వలేదు, బీమా కంపెనీ ఫోనెత్తలేదు. అవన్నీ అందరికీ తెలిసినవే. ఎవరికీ తెలియనిది, ఏవిస్ ఆ ఏడాది కిటికీలకు రంగు వేయించడం మానేసింది. గులాబీ అంట్లు నాటడం మానేసింది. ఒక కప్పు పగిలితే కొత్తది కొనలేదు. సముద్రం ఇంకా గట్టు కిందే ఉంది, ఆమె మాత్రం లోపల ఒక్కో గదీ ఖాళీ చేసుకుంటూ వచ్చింది.

గట్టు పొడుగునా కౌన్సిల్ తరఫు సర్వేవాళ్లు ఇనుప మేకులు పాతారు. ఏటా రెండుసార్లు వచ్చి, మేకు నుంచి గట్టు అంచు దాకా టేపు పట్టి చూసేవారు. ఆ మేకులను చూస్తే ఊరికి ఒళ్లు మండేది. సమాధికి కొలతలు తీస్తున్నట్టుండేది. నిరుడు వసంతంలో ఒక ఆదివారం, ప్రార్థన అయ్యాక, రాడ్నీ పలుగు పట్టుకొచ్చాడు. పిల్లలతో సహా ఊరంతా వెనకాల నడిచారు. ఒక్కో మేకు పైకి వస్తుంటే చప్పట్లు. ఏవిస్ కూడా ఒకటి పీకింది. మట్టి దాన్ని వదల్లేక వదిలింది. పీతలు పట్టి రిటైరైన లయొనెల్ థర్టిల్ మేకులన్నీ ఏరుకుని తన పెరట్లో పాతి, వాటికి చిక్కుడు తీగలు పాకించాడు. ఆ రోజు బీరు తాగారు, పాటలు పాడారు. గెలిచామనుకున్నారు.

ఈనిడ్ ఇల్లు పోయిన వారానికి, అదే చర్చి హాల్లో మీటింగ్ పెట్టారు. కౌన్సిల్ అధికారి వచ్చాడు. గీతలు గీసిన మనిషి మెరియల్ కూడా వచ్చింది. సన్నగా పొడుగ్గా, ఎప్పుడూ బురద బూట్లతో ఉండేది.

"మీ వరుస రెండో దశలో ఉంది," అన్నాడు అధికారి. "ఇల్లు మార్చుకోవడానికి స్థలం, సాయం, మొదటి దశవాళ్లకే."

లయొనెల్ లేచాడు. "మరి ఈనిడ్ ఏ దశండీ?"

"అది అత్యవసర కూల్చివేత. దాని విభాగం వేరు."

"అట్లా చెప్పండి. కూల్చడానికేమో మేం ముందున్నాం, జాగా ఇవ్వడానికి వెనకున్నాం."

హాలంతా నవ్వింది. రాడ్నీ బల్ల మీద గుద్దాడు. "ఈ చలికాలం గట్టు ఎంత పోయిందో గుడ్డివాడికి కూడా తెలుస్తుంది! మమ్మల్ని ముందుకు జరపండి. అందరికీ ఒకే చోట జాగా చూపించండి. ఈనిడ్‌ని విసిరేసినట్టు ఎక్కడో ఊరికొకర్ని విసిరేస్తే ఊరుకోం."

"చూస్తే సరిపోదు. కొలత ఉండాలి," అన్నాడు అధికారి. "కొత్త కొలత లేకపోతే పాత సగటే లెక్క. పాత సగటు ప్రకారం మీకు ఇంకా చాలా కాలం ఉంది."

అందరూ మెరియల్ వైపు చూశారు. ఆమె లేచి నిలబడింది.

"గట్టు వేగంగా పోతోందని నాకూ తెలుసు," అంది. "రుజువు చేయలేను. కొలవడానికి ఆధారం ఆ మేకులే. నిరుడు వసంతంలో వాటిని ఎవరో పీకేశారు. విమానం నుంచి తీసే కొలత ఇంకో రెండేళ్లకు గానీ రాదు."

లయొనెల్ గొంతు సవరించుకున్నాడు.

"మేకులు నా దగ్గరున్నాయి. చిక్కుళ్లు బాగానే కాశాయి."

ఎవరూ నవ్వలేదు.

అధికారి కారు వెళ్లిపోగానే తిట్లు మొదలయ్యాయి. నీవల్లే అంటే నీవల్లే అన్నారు. "నేనొక్కణ్నే పీకానా? పీకి బీరు తాగిందెవరు?" అని రాడ్నీ అరిచాడు. అరుస్తూనే మొహం తిప్పుకున్నాడు. ఏవిస్‌కి లేచి ఏదైనా చెప్పాలనిపించింది. ఆమె ఊరి కమిటీ కార్యదర్శి. ఇలాంటి మీటింగులు ఎన్ని చూసిందో. నోరు తెరిస్తే తన అలసట బయటపడి, అది దగ్గులా అందరికీ అంటుకుంటుందేమోనని ఆమెకు ఎప్పటినుంచో భయం. కప్పులు కడిగి, దీపాలార్పి ఇంటికెళ్లింది.

మర్నాడు గట్టు మీద మెరియల్ ఒక్కతే కొత్త మేకులు పాతుతూ కనిపించింది. ఏవిస్ వెళ్లి, అడక్కుండానే మేకు పట్టుకుంది. మెరియల్ సుత్తి ఎత్తింది.

"నా వేళ్లు చూసి కొట్టు. పీతలు ఒలవాలి."

"చూస్తున్నా."

"నా ఇల్లు ఎప్పుడు?"

"తారీఖు అడక్కండి. తూర్పు గాలి, పెద్ద అల, వాన, మూడూ ఒకేసారి వస్తే వచ్చే చలికాలమే. రాకపోతే ఇంకొన్నేళ్లు."

"అయితే నీ గీత అబద్ధం."

"కాదు. ఎప్పుడన్నది నాకు తెలీదు. ఎటన్నది తెలుసు. ఒడ్డు ఇటే వస్తోంది. గోడ కట్టినా పక్కనుంచి తిరిగి వస్తుంది." మెరియల్ సుత్తి దించి ఉత్తరం వైపు చూపించింది. "ఇసుక అటునుంచి ఇటు నడుస్తుంది. అక్కడ రాళ్లు వేశారు కదా, దారిలో ఆగిపోతోంది. ఇసుక లేని గట్టుకు కాళ్లుండవు. అందుకే మీది త్వరగా పోతోంది."

"మరి మాకూ రాళ్లు వేస్తే?"

"మీ గట్టు పడితేనే దక్షిణాన కింది టౌనుకు ఇసుక. అక్కడ హోటళ్లు, దుకాణాలు, వేలమంది జనం. మీది ఆపితే వాళ్ల బీచి పోతుంది. అందుకే మీ గట్టు పడాలనే ప్రణాళికలో రాశారు."

"రాశారా? రాశావా?"

మెరియల్ సుత్తికి అంటిన మట్టి గీకింది. "రాశాను. ఒడ్డు వరకు అది సరైనదే. మీకు జాగా ఇవ్వాలని కూడా రాశాను. ఆ పేజీ ఎవరూ చదవలేదు."

"నిద్ర పడుతుందా నీకు?"

"మీకు పడుతుందా?"

ఇద్దరూ తర్వాతి మేకు దగ్గరికి నడిచారు. నడుస్తూ ఏవిస్ లెక్క వేసుకుంది. మా మట్టి వాళ్ల బీచి. మా వంటిల్లు కరిగి, వాళ్ల పిల్లలు కోటలు కట్టుకునే ఇసుక అవుతుంది. అవనీ. దాంట్లో ఆమెకు బాధ లేదు, ఆశ్చర్యంగా. పడటం మన వంతైతే, నిలబడటానికి చోటివ్వడం చోటున్నవాళ్ల వంతు. ఇంత చిన్న మాట ఇన్నేళ్లూ తట్టలేదు. సముద్రాన్ని ఆపమని అడుగుతూ కూర్చున్నాం, అడగాల్సినవాణ్ని అడగకుండా.

ఆ అడగాల్సినవాడెవరో వారం తిరక్కుండానే తెలిసింది. బార్లీ పొలం గేటుకు నోటీసు కట్టారు. డేకర్ దొర ఆ పొలంలో విహార గృహాలు కట్టడానికి అనుమతి కోరుతున్నాడు. నోటీసు మీద రంగుల బొమ్మ: గాజు గోడల ఇళ్లు, ముందు పచ్చిక, పచ్చిక అంచున నీలి సముద్రం. ఏవిస్ ఆ బొమ్మలో తమ వీధి కోసం వెతికింది. లేదు. తన వంటిల్లు ఉండాల్సిన చోట నీళ్ల మీద ఒక తెల్ల తెరచాప.

"అదే గీత," అంది పక్కనున్న రాడ్నీతో. "మనకు ఇల్లు పోయే గీత. ఆయనకు ఒడ్డు వచ్చే గీత."

"మనం ఎప్పుడు పోతామా అని కట్టడానికి కాచుక్కూర్చున్నాడన్నమాట, దొంగ వెధవ."

కమిటీ వెళ్లి దొర ఏజెంటు పామ్‌ఫ్రెట్‌ను కలిసింది. పొలంలో ఒక మూల చాలు, అద్దె కడతామంది. ఆయన టీ ఇచ్చాడు. ఎస్టేటుకు చాలా సానుభూతి ఉందన్నాడు. పొలం మాత్రం ఇవ్వడం కుదరదన్నాడు. వాళ్లు తిరిగొచ్చేసరికి ఏవిస్ తలుపుకు అత్యవసర కూల్చివేత నోటీసు అంటించి ఉంది. వచ్చే సోమవారం. ఆమెకు టౌనులో ఒక గది చూశారు. ఈనిడ్‌కు చూసిన గది ఇంకో టౌనులో ఉంది. "ఇక్కడ కిటికీ తెరిస్తే గోడ" అని ఫోన్‌లో చెప్పేది ఈనిడ్.

లయొనెల్ పడవ షెడ్డులో అందరూ చేరారు. కూర్చోవడానికి పీతల బుట్టలు.

"గోడే అడుగుదాం," అన్నాడు రాడ్నీ. "గోడ కావాలని ఇన్నేళ్లు అరిచి, ఇప్పుడు పారిపోదామంటే పిరికితనం."

"గోడ కడితే కింది టౌను పోతుంది," అంది ఏవిస్. "అక్కడ హోటళ్లు కడిగేది ఎవరు? మన అక్కచెల్లెళ్లే కదా. నీ తమ్ముడు ఉండేది అక్కడే కదా. మనం వాళ్లమీద పడి, వాళ్లు మనమీద పడి, దొర మధ్యలో పచ్చిక పెంచుకుంటాడు. గోడ వద్దు. ఆ పొలం కావాలి."

"అడిగాం కదే. టీ తాగి వచ్చాం."

"ఇంక అడగొద్దు."

గాలికి షెడ్డు తలుపు కొట్టుకుంది. లయొనెల్ అప్పటిదాకా తన పాత పడవ పక్కను నిమురుతూ కూర్చున్నాడు. ఆ తీరంలో పడవలకు పై పలకలో గుండ్రటి కన్నాలుంటాయి. ఒడ్డుకు రాగానే ఆ కన్నాల్లోంచి తెడ్లు అడ్డంగా దూర్చి, రెండు వైపులా భుజాలు పెట్టి, పడవను మోసుకుంటూ పైకి తెస్తారు.

"ఇల్లు కూడా చెక్కే కదా," అన్నాడు. "కింది పలకల్లో కన్నాలు పెట్టి దుంగలు దూరిస్తే, ఏవిస్ ఇల్లు పెద్ద పడవ. అంతే."

"నీకు మతి పోయింది ముసలోడా," అన్నాడు రాడ్నీ. మళ్లీ తనే, "పొయ్యి గొట్టం నేను విప్పుతా," అన్నాడు.

శనివారం పొద్దున్నే సామానంతా బయటికి చేర్చారు. కప్పు రేకులు విప్పి బరువు తగ్గించారు. నున్నగా చెక్కిన దుంగలు ఇటునుంచి అటు దూర్చారు. పీతల షెడ్డు ఆడవాళ్లు, పడవలవాళ్లు, పబ్బు వంటమనిషి, కింది టౌను నుంచి హోటలు పనివాళ్లు, రాడ్నీ తమ్ముడితో సహా, వచ్చారు. మెరియల్ రోడ్డు పక్కన నిలబడి ఉంది.

"నేనిక్కడ లేను. తెలిస్తే నా ఉద్యోగం పోతుంది," అంది.

"అయితే ఆ లేని భుజం ఇటు పెట్టు," అన్నాడు లయొనెల్. "పొడుగు మనిషివి, మధ్యలో నిలబడు."

ఈనిడ్ బస్సులో వచ్చింది. వెంట ఆ వంటింటి కుర్చీ.

లయొనెల్ ముందు నిలబడి పడవ మోసే పద్ధతి చెప్పాడు. ఎవరూ కాళ్ల వంక చూడకూడదు. అందరూ ఒకే ఊపిరి. "ఇంకోటి. ఇదే అసలైంది. అలిసినవాడు మోకాళ్లు మడతపడకముందే 'దించండి' అని గట్టిగా అనాలి. అన్నవాణ్ని ఎవరూ ఒక్క మాట అనకూడదు. సిగ్గుపడి దాచుకున్నవాడే పడవను అందరి మీదా పడేస్తాడు. నా తమ్ముడి కాలు అట్లానే పోయింది. వినిపిస్తోందా పిల్లా?"

యాభై దాటిన ఏవిస్‌ను పిల్లా అనేది ఆయనొక్కడే. వినిపిస్తోందని ఆమె తల ఊపింది.

"లేవండి!"

ఇల్లు మూలిగింది. కిటికీ అద్దాలు గలగలమన్నాయి. నేల వదిలి, వాళ్ల భుజాల మీద కాస్త ఊగి, నిలబడింది. కింద ఇన్నేళ్లు చీకట్లో ఉన్న తెల్లటి మట్టి చతురస్రంగా బయటపడింది. నడిచారు. దారిలో ఎవరో "దించండి" అన్నారు, దించారు. ఊపిరి తీసుకున్నారు, ఎత్తారు. ఇంకెవరో అన్నారు, దించారు. ఎవరన్నారని ఎవరూ అడగలేదు.

రోడ్డు మీదికి వచ్చి, గేటుకు ఎదురుగా ఉండగా పోలీసు కార్లు వచ్చాయి. గేటు దగ్గర పామ్‌ఫ్రెట్ నిలబడ్డాడు. ఇన్స్‌పెక్టర్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"దీన్ని దించేసి ఇళ్లకు వెళ్లండి."

"ఇదే ఇల్లు సార్," అన్నాడు రాడ్నీ దుంగ కిందనుంచి.

"హాస్యాలు వద్దు. అది ప్రైవేటు పొలం. అడుగు పెడితే అరెస్టు చేస్తాను."

ఏవిస్ భుజం నిప్పులా ఉంది. ఇక్కడ దించితే ఇల్లు రోడ్డు మీద ఉంటుంది. సోమవారం దాకా కూడా ఆగకుండా కూల్చేస్తారు. ఇన్నేళ్లూ దాచుకున్నది ఇంకొంచెం దాచుకోవచ్చు, అది ఆమెకు అలవాటే. కానీ దాచుకుంటే ఇల్లు పడేది ఒక్క తన మీదే కాదు.

"నావల్ల కావట్లేదు," అంది, పక్కవాళ్లకు వినపడేలా. జీవితంలో మొదటిసారి అన్నట్టుంది ఆ మాట.

"పొలం దాకా?" అడిగాడు రాడ్నీ.

"సాయం ఉంటే."

రాడ్నీ ఆమె దుంగ కిందికి జరిగాడు. వెనకనుంచి మెరియల్ జరిగింది. బరువు కొంచెం లేచింది, పూర్తిగా కాదు. లయొనెల్ ఇన్స్‌పెక్టర్ వైపు చూడకుండా, "ఒకే ఊపిరి," అన్నాడు. ఇల్లు ముందుకు కదిలింది. అన్ని కాళ్ల మీద నడిచొస్తున్న ఇంటికి ఎదురు నిలబడటం ఎలాగో ఏ పోలీసుకూ ఎవరూ నేర్పలేదు. ఇన్స్‌పెక్టర్ పక్కకు తప్పుకున్నాడు. పామ్‌ఫ్రెట్ తప్పుకోక తప్పలేదు. ఈనిడ్ ముందు నడిచి గేటు తెరిచింది.

బార్లీ మోకాళ్లెత్తు ఉంది, పచ్చగా, మంచుతో తడిగా. నడిచారు. నూరేళ్లకు ఒడ్డు ఎక్కడికి వస్తుందో అక్కడ మెరియల్ ఒక మేకు పాతి ఉంచింది. దాన్ని దాటారు. ఇంకా కొంచెం వెళ్లారు.

"దించండి!" అని అరిచింది ఏవిస్.

దించారు.

బార్లీ కింద నలిగిన చప్పుడు. తర్వాత సముద్రం చప్పుడు, దూరంగా. ఇన్నేళ్లలో ఆ ఇంటి గుమ్మంలో నిలబడితే అది అంత దూరంగా వినిపించడం ఇదే మొదలు. ఈనిడ్ తన కుర్చీ తెచ్చి గుమ్మం ముందు వేసుకుని, ఎవరూ చెప్పకుండానే కూర్చుంది.

అందరూ ఆమె చుట్టూ నేలమీద కూర్చున్నారు. అరెస్టు చేసేటప్పుడు పోలీసులు ఈనిడ్‌ను కుర్చీతో సహా ఎత్తుకెళ్లాల్సి వచ్చింది. "జాగ్రత్త, దాని కాలు ఒకటి వదులు," అని ఆమె పోలీసులకు చెబుతూనే ఉంది. వ్యానులు సరిపోక, కొందర్ని చేపల లారీలో తీసుకెళ్లారు.

స్టేషన్‌లో పేరు, చిరునామా అడిగారు. డేకర్ పొలం, అంది ఏవిస్. డేకర్ పొలం, అన్నాడు రాడ్నీ, అతని ఇల్లు ఇంకా గట్టు మీదే ఉన్నా. లయొనెల్, ఈనిడ్, పీతల షెడ్డు ఆడవాళ్లు, తానక్కడ లేనన్న మెరియల్, కింది టౌను నుంచి వచ్చినవాళ్లు కూడా అదే అన్నారు. సార్జంటు మొదట కోప్పడ్డాడు, తర్వాత రాసుకున్నాడు. ఫోన్‌లో పామ్‌ఫ్రెట్ గొంతు బయటికి వినిపిస్తోంది: సాయంత్రంలోగా ఆ ఇంటిని తీసేయించాలట.

"ఎలా తీయాలి సార్?" అన్నాడు సార్జంటు. "ఎత్తడం తెలిసినవాళ్లంతా ఇక్కడే ఉన్నారు."

ఏవిస్‌ను ఉంచిన గదిలో ఒక బల్ల, ఒక చిన్న కిటికీ. భుజం మీద దుంగ గుర్తు ఎర్రగా పొంగింది. రేపు గెలుస్తామని ఆమెకు అనిపించలేదు. కోర్టు ఉంటుంది, దొర లాయర్లుంటారు, ఇంటిని అక్కడే విరిచేసినా విరిచేస్తారు. గట్టు మీద మిగతా ఇళ్లన్నీ అలాగే ఉన్నాయి. ఆమె బల్ల మీద పడుకుని, గోడకేసి కాకుండా తలుపుకేసి, నడవాలో అందరికీ వినిపించేలా అంది:

"నేను చాలా అలిసిపోయాను."

నడవా చివరి గదిలోంచి లయొనెల్ గొంతు వచ్చింది.

"విన్నాం పిల్లా. మేం పట్టుకున్నాం. నువ్వు పడుకో."

"బాగా పడుకో," అని అరిచాడు రాడ్నీ ఇంకో గదిలోంచి. "బయటికి రాగానే నాది ఎత్తాలి. నా దాంట్లో ఇనప పొయ్యి ఉంది."